బొమ్మ వైపు చక్రవర్తి, బొరుసు వైపు దేవత: రోమన్ వెండి డెనారియస్

డెనారియస్ ప్రాచీన రోమ్ వెండి నాణెం. క్రీ.పూ. 211 ప్రాంతంలో మొదలై క్రీ.శ. మూడో శతాబ్ది నడిమికి చెలామణి నుంచి తప్పుకునేదాకా, సుమారు నాలుగున్నర శతాబ్దాలు రోమన్ల లావాదేవీలకు ఇదే ఆధారం. సైనికుడి జీతం, కూలివాడి రోజు వేతనం, కట్నం, పన్ను, లంచం అన్నీ దీని లెక్కలోనే సాగాయి. పరిమాణంలో మన రూపాయి బిళ్ళకు అటూ ఇటుగా ఉంటుంది. బరువు చాలాకాలం నాలుగు గ్రాములకు కాస్త లోపే. ఇంత చిన్న చోటులో రోమన్లు తమ దేవతలను, పురాణాలను, వంశాల గొప్పలను, యుద్ధ విజయాలను, చివరికి తమ పాలకుల ముఖాలను చెక్కారు. పత్రికలు లేని ఆ కాలంలో, చక్రవర్తిని ఎన్నడూ చూడని సరిహద్దు పల్లెకు అతని ముఖం చేరింది నాణేల మీదే.

ఈ నాణేన్ని చదవడానికి రెండు దారులున్నాయి. ఒకటి దాని మీది బొమ్మ, రెండోది దానిలోని వెండి. పాలకుడు జనానికి ఏం చెప్పదలచాడో బొమ్మ చెబుతుంది. అతని ఖజానా ఎలా ఉందో వెండి చెబుతుంది. రెండూ ఒకే మాట చెప్పిన కాలాలున్నాయి, చెప్పని కాలాలూ ఉన్నాయి. డెనారియస్ చరిత్ర ఆ రెండింటి మధ్య దూరం పెరుగుతూ పోయిన చరిత్ర.

యుద్ధంలో పుట్టుక

క్రీ.పూ. 216లో కన్నే దగ్గర కార్తేజ్ సేనాని హన్నిబాల్ చేతిలో రోమ్ ఘోరంగా ఓడింది. యుద్ధం సాగిన కొద్దీ ఖజానా ఖాళీ అయింది, అప్పటిదాకా వాడుకలో ఉన్న వెండి నాణెంలో కల్తీ పెరిగింది, కంచు నాణెం బరువు పడిపోయింది. ఆ చిక్కు నుంచి బయటపడడానికి రోమ్ కొత్త నాణేల వ్యవస్థను తెచ్చింది. దాని కేంద్రమే డెనారియస్. ‘ఆస్’ అనే కంచు నాణేలు పదింటికి ఇది సమానం, అందుకే తొలి డెనారియస్‌ల మీద పది అంకెకు గుర్తుగా ‘ఎక్స్’ అక్షరం ఉంటుంది. క్రీ.పూ. 140 ప్రాంతంలో మారకం 16 ఆస్‌లకు మారింది. నాలుగు సెస్టెర్షియస్‌లు ఒక డెనారియస్. సామ్రాజ్య కాలంలో 25 డెనారియస్‌లు ఒక బంగారు ఆరియస్.

డెనారియస్ పుట్టిన ఏడు గురించి పండితులు చాలాకాలం వాదించుకున్నారు. ఆ వాదాన్ని తేల్చింది గ్రంథాలు కావు, మట్టి. సిసిలీ ద్వీపంలోని మోర్గాంతినా పట్టణం క్రీ.పూ. 211లో రోమన్ల దాడికి నాశనమైంది. ఆ శిథిలాల పొర కింద తవ్వినప్పుడు తొలి తరం కొత్త నాణేలు బయటపడ్డాయి. నాణెం ఎంత ముఖ్యమో అది దొరికిన చోటు, దాని పక్కన దొరికినవి కూడా అంత ముఖ్యమని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

తొలి డెనారియస్ బొమ్మ వైపు రోమ్ నగర దేవత రోమా తల ఉంటుంది, రెక్కలున్న శిరస్త్రాణంతో. బొరుసు వైపు కవల దేవతలు కాస్టర్, పోలక్స్ ఈటెలు చాచి గుర్రాలను దౌడు తీయిస్తుంటారు. రెజిల్లస్ సరస్సు యుద్ధంలో ఈ కవలలు దిగివచ్చి రోమన్ల పక్షాన పోరాడారని రోమన్ల నమ్మకం. హన్నిబాల్ ఇటలీలోనే తిష్ఠ వేసి ఉన్న రోజుల్లో, ఆపదలో ఆదుకునే దేవతలను జీతంతో పాటు సైనికుడి చేతిలో పెట్టడం ఆలోచించి చేసిన పని. తర్వాతి దశాబ్దాల్లో రెండు గుర్రాల రథం మీద చంద్రదేవత లూనా, విజయదేవత విక్టోరియా, నాలుగు గుర్రాల రథం మీద వజ్రాయుధం పట్టిన జూపిటర్ బొరుసు వైపుకు వచ్చారు.

టంకశాల, దాగలి, సుత్తి

రోమ్‌లో టంకశాల కాపిటోలైన్ కొండ మీద, జూనో మొనేటా దేవత గుడి దగ్గర ఉండేది. క్రీ.పూ. 46లో టైటస్ కారిసియస్ అనే టంకశాల అధికారి వేయించిన డెనారియస్ మీద ఒకవైపు ఆ దేవత తల, రెండోవైపు దాగలి, పట్టకారు, సుత్తి, అచ్చు కనిపిస్తాయి. నాణెం తన పుట్టుకను తనమీదే చెక్కుకున్న అరుదైన సందర్భం ఇది.

పని అంతా చేతితోనే. కింది అచ్చును దాగలిలో బిగించి, దానిమీద కాల్చిన వెండి బిళ్ళను పెట్టి, పై అచ్చును నిలిపి సుత్తితో కొట్టేవారు. దెబ్బ తిన్నగా పడకపోతే బొమ్మ ఒక పక్కకు జారేది, దేవత ముక్కో చక్రవర్తి పేరులోని అక్షరాలో అంచు దాటి పోయేవి. దెబ్బలన్నీ పై అచ్చే నేరుగా తింటుంది కనుక అది త్వరగా అరిగిపోయేది. రెండు నాణేలు ఒకే అచ్చు నుంచి వచ్చాయా, వేర్వేరు అచ్చుల నుంచి వచ్చాయా అన్నది నిపుణులు నేటికీ గుర్తుపట్టగలరు. అలా అచ్చులను లెక్కగట్టే, ఏ పాలకుడు ఎంత నాణెం వేయించాడో అంచనా కడతారు.

వెండి ఎక్కువగా స్పెయిన్ గనుల నుంచి వచ్చేది. ఒక్క కార్తజెనా గనుల్లోనే 40,000 మంది పనిచేశారని, రోజుకు 25,000 డ్రాక్మాల రాబడి వచ్చేదని గ్రీకు చరిత్రకారుడు పోలీబియస్ రాశాడని భూగోళవేత్త స్ట్రాబో చెప్పాడు. డెనారియస్ మీద నవ్వుతున్న దేవత వెనుక ఆ సొరంగాల్లో బతుకు వెళ్ళదీసిన బానిసల చెమట ఉంది. నాణేల పుస్తకాలు దీన్ని తరచు మరచిపోతాయి.

దొంగ నాణేలూ అప్పుడే ఉన్నాయి. రాగి బిళ్ళకు వెండి రేకు తాపడం చేసి అచ్చు కొట్టేవారు. లోపల కూడా వెండేనని చూపడానికి కాబోలు, కొన్ని డెనారియస్‌ల అంచులను గంట్లు పెట్టి రంపం పళ్ళలా చేశారు. జర్మన్ తెగలు ఈ రంపపు అంచు నాణేలను, రెండు గుర్రాల రథం బొమ్మ ఉన్న పాత నాణేలను ఇష్టపడేవారని చరిత్రకారుడు టాసిటస్ చెప్పాడు.

వంశాల కథ, వంశాల గొప్ప

గణతంత్ర రోమ్‌లో ఏటా టంకశాల బాధ్యత ముగ్గురు యువ అధికారులది. రాజకీయాల్లో పైకి రావాలనుకునే పెద్దింటి కుర్రవాళ్ళకు అది తొలి మెట్టు. క్రీ.పూ. రెండో శతాబ్ది చివరికి వాళ్ళు నాణెం మీద తమ వంశ కథలను చెక్కించడం మొదలుపెట్టారు. రోమన్ నాణేలన్నింటిలో ఎక్కువ కళ, ఎక్కువ వైవిధ్యం ఉన్న కాలం ఇదే.

క్రీ.పూ. 137 నాటి సెక్స్టస్ పాంపీయస్ నాణెం మీద తోడేలు రోములస్, రెమస్‌లకు పాలిస్తుంటుంది, పక్కనే అంజూరపు చెట్టు, దాని మీద పక్షులు, పిల్లలను కనుగొన్న కాపరి ఫాస్టులస్. లిసినియస్ నెర్వా నాణెం మీద పౌరులు వరసలో నడిచి ఓటు వేస్తున్నారు. పోలింగు దృశ్యాన్ని చూపే నాణెం ప్రాచీన ప్రపంచంలో మహా అరుదు. క్రీ.పూ. 82 నాటి మామీలియస్ లిమెటానస్ నాణెం మీద గ్రీకు వీరుడు యులిసిస్ ఇరవై ఏళ్ళ తర్వాత ఇంటికి చేరుకుంటాడు. బిచ్చగాడి వేషంలో కర్ర పట్టుకున్న అతన్ని అతని ముసలి కుక్క ఆర్గస్ ఒక్కటే గుర్తుపట్టి తల ఎత్తుతుంది. మామీలియస్ కుటుంబం తమది యులిసిస్ వంశమని చెప్పుకునేది. ఆ ఆడంబరం ఎప్పుడో పోయింది. గోరంత వెండి మీద కుక్క, యజమాని కలుసుకున్న ఆ దృశ్యం మాత్రం చూసినవారి మనసు విడిచిపెట్టదు.

రోమ్‌కు ఎదురు తిరిగినవారూ డెనారియస్ నమూనానే వాడుకున్నారు. క్రీ.పూ. 91లో మొదలైన యుద్ధంలో పౌరసత్వం కోసం తిరగబడ్డ ఇటాలియన్ తెగలు సొంత వెండి నాణేలు వేసుకున్నాయి. వాటిలో ఒకదాని మీద ఇటలీ ఎద్దు రోమ్ తోడేలును కొమ్ములతో కుమ్ముతుంది. కోపాన్ని ఇంత సూటిగా చెప్పిన నాణెం ఇంకొకటి దొరకదు.

సీజర్ ముఖం, బ్రూటస్ కత్తులు

క్రీ.పూ. 49లో అంతర్యుద్ధం మొదలైనప్పుడు జూలియస్ సీజర్ రోమ్ ఖజానాను స్వాధీనం చేసుకున్నాడు. అందులో 15,000 బంగారు కడ్డీలు, 30,000 వెండి కడ్డీలు దొరికాయని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. సీజర్ సైన్యంతో పాటు కదిలే టంకశాలలో పామును తొక్కుతున్న ఏనుగు బొమ్మతో లెక్కలేనన్ని డెనారియస్‌లు తయారయ్యాయి. మరో నాణెం మీద ట్రాయ్ వీరుడు ఈనియస్ తన ముసలి తండ్రిని భుజం మీద మోస్తూ తరలిపోతుంటాడు, రెండోవైపు అతని తల్లి వీనస్. జూలియస్ వంశం ఆ వీనస్ సంతతేనని సీజర్ చెప్పుకున్నాడు. దేవత నుంచి మనిషికి దూరం ఆ నాణెం మీద ఒక తరమే.

అసలు మలుపు క్రీ.పూ. 44 మొదట్లో వచ్చింది. అప్పటిదాకా రోమ్ టంకశాల బతికున్న మనిషి ముఖాన్ని నాణెం మీద వేయలేదు. ఆ చోటు దేవతలది, పూర్వికులది. సెనేట్ అనుమతితో సీజర్ ముఖం అక్కడికి వచ్చింది, తల మీద ఆకుల దండ, పక్కన ‘శాశ్వత నియంత’ అనే బిరుదు, బొరుసు వైపు వీనస్. శిల్పి అతన్ని అందగాడిగా మార్చలేదు. మెడ ముడతలు, పీక్కుపోయిన చెంపలు స్పష్టంగా కనిపిస్తాయి. కొన్ని వారాలకే, మార్చి 15న, సీజర్ హత్యకు గురయ్యాడు.

హంతకుల్లో ప్రముఖుడు బ్రూటస్ పదేళ్ళ కిందట, క్రీ.పూ. 54లో తానే టంకశాల అధికారి. అప్పుడు అతను వేయించిన నాణేల మీద స్వేచ్ఛాదేవత లిబర్టాస్, రోమ్ రాజులను తరిమిన తన పూర్వికుడు బ్రూటస్ ఉన్నారు. హత్య తర్వాత తూర్పున సైన్యం కూర్చుకుంటూ క్రీ.పూ. 43-42లో అతను వేయించిన డెనారియస్ మీద రెండు బాకులు, వాటి మధ్య విముక్తి పొందిన బానిస పెట్టుకునే టోపీ, కింద మార్చి 15ను సూచించే అక్షరాలు ఉంటాయి. బొమ్మ వైపు బ్రూటస్ సొంత ముఖం! నాణెం మీద బతికున్నవాడి ముఖం వేయించినవాణ్ణి నియంతగా చంపి, కొద్దికాలానికే తన ముఖం తానే వేయించుకున్నాడు. గణతంత్రం తిరిగి రాదన్న సంగతి బ్రూటస్ ఓడిపోయిన ఫిలిప్పీ యుద్ధానికి ముందే ఆ నాణెం మీద తేలిపోయింది. ఈ నాణేన్ని కాసియస్ డియో తన చరిత్రలో ప్రత్యేకంగా ప్రస్తావించాడు. ఒక నాణెం బొమ్మను ప్రాచీన చరిత్రకారుడు వర్ణించడం చాలా అరుదు. నేడు ప్రపంచంలో అన్నింటికన్నా ఎక్కువ మంది కోరుకునే రోమన్ నాణెం ఇదే.

మార్క్ ఆంటోనీ మరో దారి తొక్కాడు. క్రీ.పూ. 32-31లో క్లియోపాట్రాతో కలిసి చివరి యుద్ధానికి సిద్ధమవుతూ, ఒకవైపు యుద్ధనౌక, రెండోవైపు సైనిక పతాకాల మధ్య గద్ద, కింద ఒక్కో దళం సంఖ్య వేసిన డెనారియస్‌లతో జీతాలు పంచాడు. వాటిలో వెండి నాణ్యత తక్కువ. మంచి నాణేలను జనం దాచుకుని, కరిగించి, నాసి నాణేలనే ఖర్చు పెట్టారు. అందుకే ఆంటోనీ నాణేలు అతను పోయాక రెండు శతాబ్దాలు దాటినా, బొమ్మ అరిగి నున్నబడి కూడా, చెలామణిలోనే ఉన్నాయి.

దేవుడి కొడుకు

సీజర్ దత్తపుత్రుడు, తొలి చక్రవర్తి అగస్టస్ నాణేన్ని పరిపాలనలో భాగం చేశాడు. సీజర్‌ను సెనేట్ దేవుడిగా ప్రకటించింది కనుక అగస్టస్ నాణేల మీద ‘దేవుడి కుమారుడు’ అయ్యాడు. క్రీ.పూ. 44 వేసవిలో సీజర్ స్మారక క్రీడల సమయాన కనిపించిన తోకచుక్క సీజర్ ఆత్మ అని జనం నమ్మారు, దాన్ని ఎనిమిది కిరణాల చుక్కగా డెనారియస్ మీద వేయించాడు. ఈజిప్టు గెలుపుకు మొసలి, పార్థియన్ల నుంచి వెనక్కి వచ్చిన పతాకాలకు మోకరిల్లిన శత్రువు. లుగ్డునుమ్, అంటే నేటి లియాన్, టంకశాలలో వారసులు గాయస్, లూసియస్‌ల బొమ్మలతో వచ్చిన నాణెం అతని డెనారియస్‌లన్నింటిలో విస్తారంగా చెలామణి అయింది. ఆ కుర్రవాళ్ళిద్దరూ తాత కన్నా ముందే కన్నుమూశారు.

తర్వాతి చక్రవర్తి టైబీరియస్ తన 23 ఏళ్ళ పాలన అంతా దాదాపు ఒకే బొమ్మతో నెట్టుకొచ్చాడు. ఒకవైపు తన తల, రెండోవైపు కూర్చున్న స్త్రీ. ఆమె అతని తల్లి లివియా అని కొందరు, శాంతిదేవత అని కొందరు అంటారు. పన్ను కట్టడం న్యాయమా అని అడిగినప్పుడు ఏసు చేతికి తీసుకుని చూపించిన నాణెం ఇదేనన్నది సంప్రదాయం. తెలుగు బైబిల్ చదివినవారికి ‘దేనారము’ పరిచయమైన మాటే. ఆ నాణెం మీది అక్షరాలు టైబీరియస్‌ను దివ్య అగస్టస్ కుమారుడని ప్రకటిస్తాయి. ఒకే దేవుణ్ణి నమ్మే యూదులకు అది ఎందుకు గుచ్చుకుందో నాణెం చూస్తే అర్థమవుతుంది.

సామ్రాజ్య కాలపు బొరుసు వైపు దేవతల సంఖ్య పెరిగింది. మార్స్, మినర్వా, అపోలో వంటి పాత దేవతలతో పాటు గుణాలే దేవతలై నిలిచాయి. త్రాసు పట్టిన న్యాయం, ధాన్యపు కంకులు పట్టిన అన్నోనా, పాముకు ఆహారం పెట్టే ఆరోగ్యదేవత సాలుస్, చేతిలో చుక్కాని ఉన్న భాగ్యదేవత ఫార్చూనా. హేడ్రియన్ తాను తిరిగిన ఈజిప్టు, స్పెయిన్, ఆఫ్రికా వంటి ప్రాంతాలను స్త్రీ మూర్తులుగా చెక్కించాడు. అంటోనినస్ పయస్ చనిపోయిన భార్య ఫాస్టీనాను దేవతగా ప్రకటించి ఆమె పేర విరివిగా నాణేలు వేయించాడు. కొమ్మోడస్ సింహం తలను కప్పుకుని తానే హెర్క్యులిస్‌నన్నాడు. సిరియా నుంచి వచ్చిన కుర్ర చక్రవర్తి ఎలగాబలస్ తన ఊరి దేవుడైన నల్లరాతిని నాలుగు గుర్రాల రథం మీద ఎక్కించి చూపించాడు.

వెండి చెప్పిన మాట

అగస్టస్ కాలంలో డెనారియస్ దాదాపు స్వచ్ఛమైన వెండి. కాల్బలంలోని సైనికుడి ఏడాది జీతం 225 డెనారియస్‌లు. క్రీ.శ. 64లో, రోమ్ తగలబడిన ఏడాది, నీరో బరువును రోమన్ పౌండుకు 84 నుంచి 96 నాణేలకు దించాడు, అంటే ఒక్కో నాణెం 3.9 గ్రాముల నుంచి 3.4 గ్రాములకు పడింది. నాణ్యతనూ తగ్గించాడు. ఆ తర్వాత కొందరు పాలకులు కాస్త పెంచినా మొత్తం మీద పోకడ కిందికే. సెప్టిమియస్ సెవెరస్ క్రీ.శ. 190లలో వెండిని దాదాపు సగానికి తెచ్చాడు. అతని కొడుకు కారకల్లా క్రీ.శ. 215లో సూర్యకిరణాల కిరీటం పెట్టుకున్న బొమ్మతో కొత్త నాణెం తెచ్చాడు. విలువ రెండు డెనారియస్‌లని అంచనా, వెండి మాత్రం ఒకటిన్నర డెనారియస్‌లదే. క్రీ.శ. 240 తర్వాత ఇదే డెనారియస్‌ను చెలామణి నుంచి తరిమింది. క్రీ.శ. 270 నాటికి దీనిలోనూ వెండి నూటికి అయిదు పాళ్ళకన్నా తక్కువ. రాగి బిళ్ళకు పైపూతగా మాత్రమే మిగిలింది.

ఈజిప్టులోని ఆక్సిరింకస్‌లో దొరికిన క్రీ.శ. 260 నాటి పపైరస్ పత్రం ఒకటి ఆ రోజుల్లో మార్కెట్ ఎలా ఉందో చెబుతుంది. నాణేల మారకం చేసే వ్యాపారులు చక్రవర్తుల దివ్య నాణేన్ని తీసుకోవడం ఇష్టంలేక దుకాణాలు మూసేశారు. దుకాణాలు తెరవాలని, నకిలీది కాని ప్రతి నాణేన్నీ తీసుకోవాలని స్థానిక అధికారి ఉత్తర్వు జారీ చేయవలసి వచ్చింది. నాణెం మీద ముఖం దివ్యమైనదే, చేతికి అంటింది మాత్రం రాగి. క్రీ.శ. 294 ప్రాంతంలో డయొక్లీషియన్ పౌండుకు 96 లెక్కన మళ్ళీ మంచి వెండి నాణెం తెచ్చాడు గానీ, డెనారియస్ అప్పటికే లెక్కల పుస్తకంలో మిగిలిన పేరు మాత్రమే.

కృష్ణా, గోదావరి సీమలకు

మంచి డెనారియస్‌కు రోమ్ సామ్రాజ్యం దాటి కూడా విలువ ఉండేది. శ్రీలంకకు కొట్టుకుపోయిన ఒక రోమన్ గురించి ప్లినీ కథ చెబుతాడు. వేర్వేరు బొమ్మలతో, వేర్వేరు పాలకుల కాలంలో తయారైన డెనారియస్‌లన్నీ ఒకే బరువు తూగడం చూసి అక్కడి రాజు రోమన్ల నిజాయితీని మెచ్చుకున్నాడట. భారతదేశం ఏటా అయిదు కోట్ల సెస్టెర్షియస్‌లు లాగేస్తోందని వాపోయినవాడూ ప్లినీయే. గ్రీకులో రాసిన నావికుల కరదీపిక ‘పెరిప్లస్’ మన తూర్పు తీరాన్ని మసాలియా అని పిలిచి, అక్కడ సన్నని నూలు బట్టలు విరివిగా తయారవుతాయని చెప్పింది.

భారతదేశంలో దొరికిన రోమన్ వెండిలో చాలా భాగం అగస్టస్, టైబీరియస్‌లదే. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో బయటపడ్డ నిధిలో 1,500కు పైగా డెనారియస్‌లున్నాయి, అవీ ఆ ఇద్దరివే. నీరో తగ్గించాక వచ్చిన వెండి నాణేలు ఇక్కడ బాగా తక్కువ. మన వ్యాపారులు బొమ్మను కాదు, వెండిని చూసి పుచ్చుకున్నారని దీన్నిబట్టి చెప్పవచ్చు. తర్వాతి కాలానికి బంగారమే ఎక్కువ. గుంటూరు ప్రాంతపు వినుకొండలో దొరికిన బంగారు నాణేలు టైబీరియస్ నుంచి కారకల్లా వరకు ఉన్నాయి. దేశంలో దొరికిన రోమన్ నాణేల్లో కొన్నింటికి పాలకుడి తల మీద గాటు పెట్టి ఉంటుంది. నాణ్యత పరీక్షకో, చెలామణిలో వాడకుండానో అని పండితులు భిన్నాభిప్రాయాలు చెబుతారు. తెలంగాణలోని కొండాపూర్ తవ్వకాల్లో రోమన్ నాణేల నమూనాలో చేసిన మట్టి బిళ్ళలు దొరికాయి, వాటిని మెడలో ఆభరణంగా వేసుకునేవారు. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలపు ఒక శాసనం రాతి స్తంభంతో పాటు 170 దీనారి మాషకాల దానాన్ని నమోదు చేసింది. డెనారియస్ పేరు ఆ నాటికే కృష్ణాతీరపు ప్రాకృతంలో కలిసిపోయింది.

ఇలాంటి నాణేలు నేటికీ పొలాల్లో, పాత ఇళ్ళ పునాదుల్లో బయటపడుతూనే ఉంటాయి. చాలా నిధులు పంచుకోవడంలో చెదిరిపోయాయి, కొన్ని కంసాలి కొలిమిలో కరిగిపోయాయి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయల విలువకు మించి ఏది భూమిలో దొరికినా జిల్లా కలెక్టరుకు తెలియజేయాలి. అలా నాణేలు దొరికినవారు వాటిని తోమి మెరుగు పెట్టకూడదు, విడదీయకూడదు. కుండతో సహా, దొరికిన చోటు వివరాలతో సహా అప్పగించాలి. మోర్గాంతినా మట్టి రోమ్ నాణేల చరిత్రకు తేదీ ఇచ్చినట్టే, తెలుగు నేలలో దొరికే ఒక్క కుండ కూడా శాతవాహనుల కాలపు వర్తకం లెక్కలను సరిదిద్దగలదు.